తాగకుండానే తాగుడు మానేశాను

నేను అబద్ధాలకోరును కాను, కోతలరాయుణ్ణి. ఈ రెండింటికీ తేడా ఉందని యాభై రెండేళ్ళు వచ్చేదాకా గట్టిగా నమ్మాను. ఎడ్మంటన్ చలికి బస్‌స్టాపులో నా మీసం గడ్డకట్టిందని, ఆ మీసంతోనే ఒకావిడ సంచిలోని కొబ్బరికాయ పగలగొట్టి పెట్టానని చెప్పాననుకోండి. నమ్మేవాడెవడు? నవ్వుతారు, టీ ఇస్తారు, ఇంకోటి చెప్పమంటారు. ఎవరికీ నష్టం లేదు. మా ఆవిడకి తప్ప. ఆవిడ వాటిని ఇరవై ఆరేళ్ళుగా వింటోంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం కోత కాదు. ఇందులో ఒక మనిషి ఉన్నాడు. అతని గురించి రాసినదంతా అతను చదివాడు. మూడు వాక్యాలు తీసెయ్యమన్నాడు, తీసేశాను.

నేను పనిచేసేది మగవాళ్ళ రికవరీ హౌస్‌లో. ఊరికి ఉత్తరం వైపు పాత రెండంతస్తుల ఇల్లు. తాగుడో మత్తుమందో మానాలని వచ్చినవాళ్ళు పద్నాలుగు మంది ఉంటారు. తొంభై రోజుల బస. మొదటి నెల చేతిలో ఫోన్ ఉండదు, ఒంటరిగా గేటు దాటడం ఉండదు. మౌత్‌వాష్ సీసా కూడా లోపలికి రానివ్వం, అందులోనూ ఆల్కహాల్ ఉంటుంది కనక. నవంబరు వచ్చిందంటే కిటికీ అద్దాలకి లోపలివైపునే మంచు పేరుకుంటుంది. అవతల వీధి ఉందో లేదో కూడా తెలియదు. ఇంత కట్టుదిట్టంలోనూ వీధి తలుపుకి మాత్రం తాళం ఉండదు. ఎవరికి వెళ్ళాలనిపిస్తే వాళ్ళు వెళ్ళిపోవచ్చు. పద్నాలుగు మందీ రోజుకి ఎన్నిసార్లు ఆ తలుపు వంక చూస్తారో నేను చూశాను.

వంటలో చెయ్యి వెయ్యడం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, పొద్దున పది గంటలకి సర్కిల్‌లో కూర్చోవడం నా పని. సర్కిల్ అంటే అందరం గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. మాట్లాడదలచినవాడు మాట్లాడతాడు, మిగతావాళ్ళు వింటారు. మా సూపర్‌వైజర్ ఒకప్పుడు ఆయిల్ రిగ్గుల మీద పనిచేసిన ఆరడుగుల మనిషి. తనూ తాగి, పడి, లేచి, పద్దెనిమిదేళ్ళుగా ముట్టుకోనివాడు. చేరిన రోజునే నాకొక మాట చెప్పాడు. ఇక్కడికి వచ్చే ప్రతివాడి సీసా వెనకా ఒక గాయం ఉంటుందట. తండ్రి బెల్టు కావచ్చు, చిన్నప్పటి బడి కావచ్చు, కళ్ళముందు పోయిన ప్రాణం కావచ్చు. దాన్ని తవ్వొద్దు, వాళ్ళు తీసి చూపించేదాకా ఆగు అన్నాడు. ఆగడం నాకు చేతకాని విద్య అని అప్పుడే చెప్పాల్సింది.

ఆ శీతాకాలం మా హౌస్‌కి మొదటిసారి ఒక తెలుగువాడు వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళుంటాయి, కరీంనగర్ వైపు. స్టూడెంట్‌గా తూర్పువైపు ఒషావా అనే ఊళ్ళో దిగి, చదువయ్యాక ట్రక్కు లైసెన్సు తీసుకుని ఇటు వచ్చి, ఉత్తరాన ఉన్న ఆయిల్ క్యాంపులకి సామాన్లు తోలేవాడట. అంతకు ముందు రెండు చోట్ల చేరి, ఒకచోట తొమ్మిదో రోజున, ఇంకోచోట పదకొండో రోజున లేచి వచ్చేశాడు. ఈసారి భార్య కోటు తొడిగి, కారులో తెచ్చి దింపి, ఒకటే మాట చెప్పిందట. తొంభై రోజులు పూర్తి చేసుకుని వస్తే తలుపు తీస్తాను, ఒక్కరోజు ముందొచ్చినా తియ్యను అని. ఆరేళ్ళ కూతురు వెనక సీట్లో కూర్చుని డాడీ ట్రిప్పుకి వెళుతున్నాడనుకుని చెయ్యి ఊపిందట.

తొమ్మిదో రోజు రానే వచ్చింది. పొద్దున్నే కోటు వేసుకుని, సంచి భుజానికి తగిలించుకుని కిందికి దిగాడు.

మా హౌస్‌లో ఒక పద్ధతి ఉంది. ఇక్కడి ఇళ్ళకి చలి రాకుండా ముందువైపు రెండు తలుపులుంటాయి, మధ్యలో బూట్లు విప్పుకునేంత చిన్న గది. వెళ్ళిపోతానన్నవాడు ఆ గదిలో కుర్చీలో ఇరవై నిమిషాలు కూర్చోవాలి. డ్యూటీలో ఉన్నవాడు ఎదురు కుర్చీలో కూర్చోవాలి. బతిమాలకూడదు, బెదిరించకూడదు, వాడు అడిగిందానికి తప్ప నోరు తెరవకూడదు. ఇరవై నిమిషాలయ్యాక కూడా వెళతానంటే పక్కకి తప్పుకోవాలి. ఆ రోజు డ్యూటీ నాది. మోకాళ్ళూ మోకాళ్ళూ తగులుతున్నాయి. పన్నెండు నిమిషాలు ఎలాగో పళ్ళ బిగువున ఊరుకున్నాను. అప్పుడు అతనే అడిగాడు.

"నన్ను ఆపాలని సూస్తున్నవ్ గదన్నా. నీకేం దెల్సు? నువ్వెన్నడన్న తాగినవా?"

చిన్నప్పుడు దగ్గుమందు తాగడానికే ముక్కు మూసుకున్నవాణ్ణి నేను. ఆ మాట చెబితే లేచి వెళ్ళిపోతాడు. నా నాలుక నన్ను అడగలేదు.

"తాగానయ్యా. పదకొండేళ్ళు."

అతను సంచి కింద పెట్టాడు. ఇక నన్నెవరు పట్టుకుంటారు? తెనాలిలో కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో ల్యాబ్‌లోనే సరుకు దాచేవాణ్ణన్నాను. గుండ్రటి ఫ్లాస్కులో పోసి 'ఆమ్లం, ముట్టరాదు' అని చీటీ అంటించానన్నాను. ప్రిన్సిపాల్ ఇన్‌స్పెక్షన్‌కి వస్తే దాంట్లోనే లిట్మస్ కాగితం ముంచి పాఠం చెప్పానన్నాను. అతను నవ్వాడు. తొమ్మిది రోజుల్లో ఆ మొహం మీద నవ్వు చూడటం అదే మొదలు. ఇరవై నిమిషాలు దాటి గంటయింది. కోటు విప్పేసి లోపలికెళ్ళి పప్పు వండాడు.

ఒక మనిషిని నిలబెట్టానని ఆ పూట పొంగిపోయాను. మర్నాడు సర్కిల్‌లో అతను, అన్న కూడా మనలాంటివాడే, ఆయన బయటపడగా లేంది నేను పడలేనా అని తన ఇంగ్లిషులో అందరికీ చెప్పాడు. పదమూడు తలలు నా వైపు తిరిగాయి. సూపర్‌వైజర్ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి, ఇన్నేళ్ళుగా నాతో ఎందుకు చెప్పలేదన్నాడు. అప్పుడైనా ఉన్నమాట చెప్పి ఉండొచ్చు. సిగ్గేసింది అన్నాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని నన్ను కావలించుకున్నాడు. ఆ ఆరడుగుల మనిషి చంకలో ఊపిరాడక నిలబడి ఉండగా, క్లీన్ డేట్ ఎప్పుడని అడిగాడు. అంటే తాగుడు మానేసిన తేదీ. చచ్చినా మర్చిపోని తేదీ నాకు ఒక్కటే తెలుసు, మా పెళ్ళిరోజు. అది చెప్పి, ఎనిమిదేళ్ళ కిందట అన్నాను. హాల్లో బోర్డు మీద మానేసినవాళ్ళ పేర్లూ తేదీలూ ఉంటాయి. ఆయన నా పేరు కూడా రాశాడు. మార్కరు చెరగని రకం.

అక్కణ్ణుంచి అడుగు తీసి అడుగు వెయ్యడానికి లేకుండా పోయింది. స్టాఫ్ లంచ్‌లో ఎవరో తెచ్చిన కేకులో చెంచాడు రమ్ము ఉందని నా ముందునుంచి ప్లేటు లాగేశారు. గురువారం గురువారం మానేసినవాళ్ళ మీటింగుకి నన్ను కూడా కారెక్కించారు. అక్కడ ఎవరు ఏడ్చినా నాకు గుండె జారేది, వాళ్ళ ఏడుపు నిజం కనక. హౌస్‌లో కుర్రాళ్ళు నన్ను సలహాలు అడిగేవారు. చేతులు వణకడం ఎన్నాళ్ళకి తగ్గింది సార్, కలలు ఎప్పుడు మానాయి సార్ అని. నిన్న ఏం చెప్పానో ఇవాళ గుర్తుండాలి కదా, జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. ఏ ఏడు ఏ బ్రాండు, ఎక్కడ పడ్డాను, ఎవరు లేపారు, అన్నీ. యాభై ఏళ్ళ కోతల్లో నాకు ఏనాడూ నోటుబుక్కు అవసరం పడలేదు. అది కొన్నరోజునే నాకు అనుమానం రావాల్సింది.

ఆ తర్వాత విషయం మా ఇంటికి చేరింది. మొదటి నెల దాటి ఫోన్ చేతికొచ్చాక, ఒక ఆదివారం అతను భార్యకి ధైర్యం కోసం నా కథ చెప్పాడట. ఆ అమ్మాయి ఇండియన్ గ్రోసరీలో కరివేపాకు ఏరుకుంటున్న మా ఆవిణ్ణి, ఇదివరకు గుడిలో నా పక్కన చూసిన గుర్తుతో పోల్చుకుని, చెయ్యి పట్టుకుని, ఆంటీ మీరు పదకొండేళ్ళు ఎట్ల భరించిన్రు అని ఏడ్చింది. మా ఆవిడ రెండు నిమిషాల్లో సంగతి గ్రహించింది. అక్కడ ఒక్కమాట బయటపడనివ్వలేదు. ఆ అమ్మాయి వీపు నిమిరి, అన్నీ సర్దుకుంటాయమ్మా అని పంపించింది. ఇంటికొచ్చి కరివేపాకు కట్ట టేబుల్ మీద పడేసి నా ఎదురుగా కూర్చుంది.

"పదకొండేళ్ళు తాగుబోతుతో కాపురం చేశానట. నాకే తెలియలేదు."

"అతను వెళ్ళిపోతుంటే..."

"కొబ్బరికాయ కథ చెప్పండి, మీసం కథ చెప్పండి. ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదండీ. రేపు ఈ సంగతి ఇంకొకరి నోట తెలిస్తే ఆ అబ్బాయి ఏమైపోతాడు? మీరే చెప్పండి. లేదంటే నేనెళ్ళి చెబుతాను."

చెబుతానన్నాను. వారం గడిచింది. చెప్పలేదు. అతనికి నలభై రోజులు దాటాయి. ఇంకో పది గడవనీ, కాలు గట్టిగా నిలదొక్కుకోనీ అనుకున్నాను. అంతలో నా తేదీ దగ్గరపడింది. మా హౌస్‌లో ఎవరికైనా మానేసి ఇంకో ఏడాది నిండితే సర్కిల్‌లో కేకు కోస్తారు, ఆ మనిషి వల్ల నిలబడినవాడు దాన్ని చేతికిస్తాడు. నా కేకు తనే ఇస్తానన్నాడు అతను. ఇచ్చి, అదే రోజు తన సంగతి కూడా మొదటిసారి విప్పుతానన్నాడు. అప్పటిదాకా సర్కిల్‌లో అతను తన గురించి ఒక్కముక్క మాట్లాడలేదు. సూపర్‌వైజర్ సంబరపడి క్యాలెండర్లో గుండ్రం చుట్టాడు. మా ఆవిడ కూడా ఆ తేదీని గుండ్రం చుట్టింది, వేరే కారణానికి.

నాకు తిండి సయించడం మానేసింది. టీ కప్పు పట్టుకుంటే సాసరు గలగలలాడేది. అవన్నీ అతను కనిపెడుతున్నాడని నాకు తెలియదు. తేదీ దగ్గరపడేకొద్దీ పాత కోరిక తిరగబెడుతుందని, చాలామంది సరిగ్గా అప్పుడే జారతారని మా హౌస్‌లో అందరికీ తెలిసిన సంగతి. నేను జారబోతున్నానని అతను తీర్మానించుకున్నాడు. అప్పట్నుంచి నన్ను ఒంటరిగా వదల్లేదు. నేను చెత్త పారెయ్యడానికి వెళితే తనూ రెండో సంచి పట్టుకుని వచ్చేవాడు. బాత్రూములో ఎక్కువసేపుంటే తలుపు తట్టేవాడు. మాట్లాడే నెపంతో దగ్గరికొచ్చి నా ఊపిరి వాసన చూసేవాడు. అతన్ని కాపాడటానికి నాకు జీతమిస్తున్నారు, అతను ఊరికే నన్ను కాపలా కాస్తున్నాడు.

తేదీకి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం, ఇద్దరం ఇంటి ముందు మంచు తోడుతున్నాం. గడ్డకట్టిన మంచు, పార దిగడం లేదు. అతను పార ఆపి నిలబడ్డాడు.

"అన్నా, గా దినం దగ్గర పడ్తాంటె మనసు గుంజుతాంది గదా? నాకు జెప్పు. ఎవ్వలికి జెప్ప."

లేదన్నాను. నమ్మలేదు.

"సరే, ముందుగాల నాది నేను జెప్త. అప్పుడన్న జెప్పు."

చెప్పాడు. నా వైపు చూడకుండా, పార కొసతో మంచు గీరుతూ చెప్పాడు. ఇంటర్ రెండో సంవత్సరం హాస్టల్లో ఒక దోస్తు ఉండేవాడట, పక్కపక్క మంచాలు. ఒక తెల్లవారుజామున ఆ దోస్తు లేచి వెళ్ళాడు, మళ్ళీ ప్రాణంతో రాలేదు. కాలేజీవాళ్ళు ఇతన్ని ఆఫీసులో కూర్చోబెట్టి, రాసి ఉన్న కాగితం ఇచ్చి సంతకం చెయ్యమన్నారు. ఆ కాగితంలో ఉన్నది అబద్ధమట. అందులో ఏముందో అప్పుడు చెప్పలేదు. పదహారేళ్ళవాణ్ణి, భయపడి చేసిన అన్నాడు. "గా అబద్ధం కాంచే తాగుడు మొదలైంది. నాకు అబద్ధమాడెటోన్ని సూస్తె కడుపుల తిప్పుతది. నా మొకం నేను అద్దంల సూస్కోనందుకు గదే కారణం. నువ్వు నాకు నిజం జెప్పినవ్ అని నీ తాన కూసున్న. ఇగ నువ్వు జెప్పు."

అతని కనుబొమ్మల మీద మంచు తెల్లగా పట్టి ఉంది. నా దగ్గర ఒక కథ సిద్ధంగా ఉంది. అవును తమ్ముడూ, మనసు గుంజుతోంది, నువ్వే ఆపావు అంటే సరిపోతుంది. అతను గర్వపడతాడు, కేకు ఇస్తాడు, తొంభై రోజులూ ఉంటాడు. నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనెప్పుడూ తాగలేదయ్యా. ఒక్క చుక్క కూడా. ఆ రోజు నువ్వు వెళ్ళిపోతావని అలా చెప్పాను."

తిడతాడనుకున్నాను. గేటు దాకా మిగిలిన మంచంతా ఒక్కడే తోడాడు. పార గోడకి ఆనించాడు. లోపలికెళ్ళి పది నిమిషాల్లో సంచితో దిగాడు.

డ్యూటీలో ఉన్నది నేనే. సూపర్‌వైజర్ ఎవర్నో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఇంకెవరూ లేరు. మళ్ళీ ఆ రెండు తలుపుల మధ్య గది, మళ్ళీ మోకాళ్ళకి తగిలే మోకాళ్ళు. ఈసారి అతను నన్నేమీ అడగలేదు. అడగకపోతే నేను మాట్లాడకూడదు. గోడ మీది గడియారంలో ముల్లు నిమిషానికొకసారి టక్కుమని జరుగుతుంది. క్షమించమందామంటే పద్ధతి ఒప్పుకోదు. నీ కూతురు అందామంటే అది బతిమాలడం. బయటి తలుపు కిందనుంచి చలి పాదాల మీదికి వస్తోంది. అతను ఆ తలుపునే చూస్తున్నాడు. నా యాభై రెండేళ్ళలో మెలకువగా ఉండి అంతసేపు నోరు మూసుకున్నది లేదు. ఏడు నిమిషాలు. పది. పదిహేను. నా నోట్లో మాటలు ఊరి ఊరి దవడలు నొప్పిపుట్టాయి. ఇదివరకు నేను ఈ గదిలో ఊరుకుని ఉంటే అతనే మాట్లాడేవాడేమో అని అప్పుడు తట్టింది.

పదిహేడో నిమిషంలో అతను గోడకేసి చూస్తూ మాట్లాడాడు.

"గా కాగితంల నేను నిద్రపోతున్న అని రాసిన్రు. నేను నిద్రపోలే."

ఇరవయ్యో నిమిషం టక్కుమంది. పద్ధతి ప్రకారం పక్కకి తప్పుకుని, బయటి తలుపు గడి తీశాను. అతను లేచి నిలబడ్డాడు. తలుపు సందులోంచి తెల్లటి వెలుగు అతని మొహం మీద పడింది. సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"రేపు సర్కిల్ల నేను మాట్లాడ్త. నా ఇంగ్లిష్ గంత దూరం పోదు. నువ్వు వాళ్ళకి జెప్పాలె. నేనన్నది అన్నట్టే. ఒక్కమాట కలిపినవంటె ఆడ్నే లేసిపోత."

సరేనన్నాను. అంతకుమించి అనలేదు. అతను లోపలి తలుపు తోసుకుని మెట్లెక్కాడు.

మర్నాడు పదింటికి సర్కిల్‌లో ముందు నేనే నిలబడి నా అబద్ధం చెప్పేశాను. ఒకరిద్దరు బూతులు తిట్టారు, ఒకడు కుర్చీ తన్ని బయటికి వెళ్ళి కాసేపటికి వచ్చాడు. సూపర్‌వైజర్ లేచి, బోర్డు మీద నా పేరు మీద తెల్ల టేపు అంటించి వచ్చి కూర్చున్నాడు. అనాల్సినవన్నీ ఆ సాయంత్రం ఆఫీసులో అన్నాడు, కాగితం మీద కూడా పెట్టాడు. మూడు నెలలు సర్కిల్‌కి దూరంగా ఉండి వంటింట్లో పనిచెయ్యమన్నాడు. ఆ ఒక్కపూటకి మాత్రం అతను అడిగాడు కనక ఉండనిచ్చాడు.

అతను మొదలుపెట్టాడు. ఒక్కో మాట చెప్పి ఆగేవాడు. నేను దాన్ని ఇంగ్లిషులో పెట్టేవాణ్ణి. ముందురోజు సాయంత్రం లెక్చరర్ ఆ దోస్తుని మార్కుల కోసం మూడు సెక్షన్ల ముందు నిలబెట్టాడని చెప్పాడు. రాత్రి అన్నం తినలేదని చెప్పాడు. నాకు అలవాటైన పని ఒకటే, ఎదుటివాడి కథకి రంగెయ్యడం. ఆ హాస్టల్ గది నాకు కనిపిస్తోంది, ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది, నాలుక దురదపెడుతోంది. ఫ్యాన్ గురించి అతను చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

"తెల్లారగట్ల వాడు లేసిండు. నా మంచం తాన నిలవడి, మేల్కొనున్నవా రా అన్నడు."

చెప్పాను.

"మేల్కొనే ఉన్న. పొద్దుగాల ఎగ్జామ్ ఉండె. మాట్లాడితె నిద్ర పోతదని కండ్లు మూస్కున్న."

నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను. అతను నా వంక చూశాడు, నేను ఆపడానికి వీల్లేదన్నట్టు. నీళ్ళు తాగి, అతనన్నది అన్నట్టే చెప్పాను. సూపర్‌వైజర్ కాస్త ఆగి, అంతేనా, ఇంకేమైనా అన్నాడా అని నన్నడిగాడు. అంతే అన్నాడన్నాను.

"కలపలే గదా?" అన్నాడు అతను తెలుగులో.

"లేదు."

తలూపి, తర్వాతది చెప్పాడు. ఆ రోజు భోజనాలు రెండింటికి గానీ మొదలు కాలేదు.

తొంభై రోజులూ ఉన్నాడు. నాతో మాటలు తగ్గించాడు. వంటింట్లోకి వచ్చేవాడు, ఉల్లిపాయలు తరిగిచ్చేవాడు, వెళ్ళిపోయేవాడు. కొత్తగా వచ్చిన ఒక కుర్రాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం చూశాను, చాలాసేపు, ఏమీ మాట్లాడకుండా. వెళ్ళే రోజు భార్యా కూతురూ కారు తెచ్చారు. ఆ పాప ట్రిప్పు అయిపోయిందా అని ఇంగ్లిషులో అడిగింది, అయిపోయిందన్నాడు. అందరితో చేతులు కలిపి చివరికి నా దగ్గరికొచ్చాడు.

"ఫోన్ జేస్తనన్నా. ఉత్తగ కతలు మాత్రం పడకు."

నెలకోసారి చేస్తాడు. రోడ్లెలా ఉన్నాయో చెబుతాడు, మీ దగ్గర చలి ఎంత అంటాడు. నేను థర్మామీటరు చూసి, ఉన్నదే చెబుతాను.